నాలిక మావయ్య తాగిన బీరు

టీపొడి కొట్టు నాలిక మావయ్యకి ఉన్నది ఒక్క నాలికే గానీ అది చేసే పనులు రెండు. రుచి చూసేటప్పుడు అబద్ధం ఆడదు. మాట్లాడేటప్పుడు పొరపాటున కూడా నిజం చెప్పదు. ఒక్కసారి చప్పరించాడంటే ఈ ఆకు కొత్తదా, పాతదా, వానకి తడిసి ఆరిందా, లారీలో సబ్బుల పెట్టె పక్కన కూర్చుని వచ్చిందా, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు. ఆ సంగతి తెలుసు కాబట్టే బజారులో టీ కొట్ల వాళ్ళంతా ఆయన దగ్గరే పొడి కొంటారు. అదే మనిషిని నిన్న సాయంత్రం ఎటు వెళ్ళావని అడిగితే మాత్రం, సందు చివరిదాకా వెళ్ళొచ్చి సముద్రం ఈదొచ్చినట్టు చెప్తాడు.

ఆ పొద్దున ఆయన మేనకోడలు టీ కొట్టు బల్ల మీద ఆయనకి ఎదురుగా కూర్చుని, ఆ రెండు పనుల్లో మొదటిది ఎప్పుడు చేస్తాడా అని ఎదురుచూస్తోంది.

ఆ పిల్ల బజారు వెనక ఉన్న చిన్న బీరు కార్ఖానాలో పనిచేస్తుంది. ముందు సీసాలు కడిగింది. ఆ తర్వాత గొట్టాలు కడిగింది. కడుగుతూ కడుగుతూనే పక్కన వాళ్ళు గింజ ఎలా ఉడకబెడుతున్నారో, ఎలా పులియబెడుతున్నారో కళ్ళతోనే నేర్చేసుకుంది. చివరికి కార్ఖానా యజమానురాలు ఒక చిన్న ట్యాంకు చూపించి, "ఇది నీది. నీకు నచ్చిన బీరు చెయ్యి. బాగా వస్తే ఇకనుంచి తయారీలోనే ఉంటావు, పాడు చేశావంటే మళ్ళీ సీసాల దగ్గరికే" అంది. మేనమామ టీపొడి కొట్లో ఆడుకుంటూ పెరిగిన పిల్ల కదా, టీ వేసి, ప్లమ్ పళ్ళు వేసి బీరు చేద్దామనుకుంది.

బీరు ట్యాంకులో తయారుగా ఉంది. టీ ఆకు, పళ్ళు విడిగా ఒక పెద్ద స్టీలు క్యానులో నానాయి. ఇవాళ పొద్దున యజమానురాలు వచ్చి నిలబడగానే ఆ క్యాను వడకట్టి ట్యాంకులో ఒంపేయాలి. ఒంపాక దాన్ని వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు. చిక్కల్లా ఒక్కటే, క్యానులోది వగరుగా తగులుతోంది. ఆ వగరు ప్లమ్ తొక్కది అయితే భయం లేదు, బీరులో కలిశాక మెత్తబడిపోతుంది. టీ ఆకుది అయితే ట్యాంకు మొత్తం గోవిందా. తేడా కనిపెడదామని నిన్నంతా చప్పరించి చప్పరించి ఆమె నాలిక మొద్దుబారిపోయింది. చివర చివరకి మంచినీళ్ళు కూడా వగరుగానే అనిపించాయి.

ఆ తేడా చెప్పగల నాలిక ఊరి మొత్తానికి ఒక్కటే. అందుకని నిన్న సాయంత్రం మావయ్యని కార్ఖానాకి పిలిచింది. బల్ల మీద క్యానులోంచి తీసిన జగ్గు ఒకటి, ట్యాంకులోంచి పట్టిన బీరు గ్లాసు ఒకటి, దాని మీద మూత. ముందు ఇది, తర్వాత అది చప్పరించి చెప్పు మావయ్యా అందామనుకునేలోపు లోపల గొట్టం ఊడిపోయి నీళ్ళు చిమ్మాయి. పరుగెత్తింది. బిగించి వచ్చేసరికి జగ్గు ఖాళీ. గ్లాసు మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. మావయ్య మూతి తుడుచుకుంటూ లేచి, "రేపు చెప్తానమ్మా, టీ కొట్టు దగ్గర చెప్తా, పదిమందిలో చెప్తా" అని, పిలిచినా వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు.

అంటే ఆయన తాగింది బీరు కాదు, చల్లటి టీ. అందులో పళ్ళు నానాయి తప్ప మత్తనేది మచ్చుకి కూడా లేదు. పోనీలే, తనకి కావలసింది ఆ జగ్గు సంగతే కదా అని సరిపెట్టుకుని పొద్దున్నే టీ కొట్టుకి వచ్చింది. తను తాగింది టీ అని మావయ్యకి తెలియనే తెలియదన్న సంగతి మాత్రం ఆయన నోరు తెరిచేదాకా ఆమెకి తట్టలేదు.

"నిన్న సాయంత్రం మా కోడలుపిల్ల చేసిన బీరు ఒక్క గుక్క తాగాను" అన్నాడు మావయ్య, గ్లాసు కింద పెడుతూ. చాలా మామూలుగా అన్నాడు. ఆయన కోతలన్నీ నేల మీద నుంచే బయలుదేరతాయి.

మేనకోడలికి పొలమారింది.

కొట్లో అప్పుడు ముగ్గురే ఉన్నారు. పొయ్యి దగ్గర టీ కొట్టు అక్క. మెడలో టేపు వేసుకుని, షాపు తాళం ఇంకా తీయకుండా ఇక్కడే కాలక్షేపం చేస్తున్న టైలరు. బెంచీ చివర, బండి పక్కన ఆపి వచ్చిన లారీ డ్రైవరు. ఆ ముగ్గురిలో బీరు గురించి తెలిసిన వాడు డ్రైవరు ఒక్కడే.

"ఒక్క గుక్కేనా?" అన్నాడు టైలరు, నిరాశగా.

"గుక్కంటే నీ గుక్కా, నా గుక్కా? నేను ఒక్క గుక్క వేస్తే జగ్గు అడుగు కనపడింది. ఇలా ఎత్తాను, అలా దించాను, మధ్యలో ఏం జరిగిందో జగ్గుకే తెలియదు."

"మావయ్యా, అది కాదు" అంది మేనకోడలు. "వగరుగా ఏమన్నా తగిలిందా? అది చెప్పు ముందు."

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. అమ్మాయికి తొందరెక్కువ. అసలు నాలిక మీద పడగానే ఏమైందో తెలుసా? ఆకు మాట్లాడటం మొదలెట్టింది. నాలికతో మాట్లాడే ఆకుని నేను ఆపగలనా? ఏ కొండ మీద పెరిగావే అంటే ఫలానా కొండ అంది, కొండకి ఏ పక్క అంటే పొద్దుటి ఎండ తగిలే పక్క అంది, ఎవరు కోశారంటే ఎడమ చేతివాటం ఆవిడ అంది, ఆ పూట ఆవిడ మొగుడితో పోట్లాడి పనిలోకొచ్చింది అని కూడా చెప్పేసింది."

"పోట్లాట కూడా తెలిసిందా?" అంది అక్క, పాలు కలుపుతూ.

"తెలీకేం? ఆకు గిల్లిన తీరులోనే కోపం ఉంది. తప్పు మొగుడిదే, అదీ తెలిసింది."

"అంతమాత్రం తాగకుండా నేనూ చెప్తాను" అంది అక్క.

నవ్వులు లేచాయి. మేనకోడలు కూడా నవ్వబోయి ఆగింది. చూపు బజారు మలుపు వైపే పోతోంది. యజమానురాలి స్కూటరు అటునుంచే రావాలి.

"ఇంక పండు సంగతి వినండి" అన్నాడు మావయ్య. "ఆ ప్లమ్ పండు చెట్టుకి ఏ కొమ్మన కాసిందో చెప్పనా? చెప్తే ఆశ్చర్యపోతారు, కింద నుంచి మూడో కొమ్మ. దాన్ని ఒక చిలక కొరకబోయి, ఇది కొరికే పండు కాదు, ఒక మహానుభావుడి నాలిక కోసం పుట్టిన పండు అని తెలుసుకుని, పక్క పండు కొరుక్కుంది."

"చిలకకి ఎలా తెలిసింది బాబాయ్?" అన్నాడు టైలరు.

"అది చిలకని అడగాలి. తెలియని సంగతి నేను చెప్పను."

డ్రైవరు అప్పటిదాకా గ్లాసు అటూ ఇటూ తిప్పుకుంటూ వింటున్నాడు. ఇప్పుడు తలెత్తాడు.

"అదంతా సరే బాబాయ్, నురగ ఎలా వచ్చింది? బీరంటే ముందు నురగ చూడాలి గదా."

మేనకోడలు చప్పున మావయ్య వైపు తిరిగింది. టీకి నురగెక్కడిది? మావయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆయన ఆగాడంటే తెలియక కాదు, ఎక్కడిదాకా పోవచ్చో దారి చూసుకుంటున్నాడని అర్థం.

"నురగా!" అన్నాడు, రెండు చేతులూ బార్లా చాపి. "నురగ సంగతి ఎవరూ అడగరేంటా అనుకుంటున్నా. ఇలా ఒంచానో లేదో, జగ్గు దాటింది, బల్ల దాటింది, గది నిండింది, గుమ్మం దాటింది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు పాపం. వాణ్ణి కుర్చీతో సహా ఎత్తుకుపోయి రోడ్డు అవతల దింపింది. లేచాడా? లేవలేదు. అంత మెత్తటి నురగ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతల మేడ మీద ఆరేసిన దుప్పట్లున్నాయి గదా, నురగ అక్కడిదాకా ఎక్కి, వాటిని మరోసారి ఉతికి, పిండి, తీగ మీద వేసి మరీ దిగింది."

"ఇస్త్రీ చెయ్యలేదా?" అన్నాడు టైలరు.

"చేసేదే, బొగ్గులు దొరకలేదు."

అక్క గరిటె పట్టుకునే నవ్వింది. డ్రైవరు మాత్రం నవ్వుతూనే కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "నురగ పోతే పోయింది, మత్తెక్కిందా లేదా? ఆ సంగతి చెప్పు."

"నాకా?" అన్నాడు మావయ్య, పక్కవాణ్ణెవర్నో అడిగినట్టు వెనక్కి చూసి. "నాకు మత్తెక్కడమేమిటయ్యా! నేను తాగని బీరు ఈ భూమ్మీద కాచలేదు ఇంకా. ఓడ మీద వెళ్ళేటప్పుడు కెప్టెనుతో పందెం వేసి తాగాను, ఆయన పడిపోతే ఓడ నేనే ఒడ్డుకి చేర్చాను. అలాంటి నాకు మత్తెక్కుతుందా? ఎక్కలేదు. వీధికెక్కింది."

"వీధికా?"

"వీధికే. నేను గీత గీసినట్టు తిన్నగా నడుస్తున్నా. వీధే అటు ఊగుతోంది, ఇటు ఊగుతోంది. ఎడమ పక్క ఇళ్ళన్నీ కుడి పక్కకి వచ్చి కూర్చున్నాయి, కుడి పక్కవాళ్ళు మాకు చోటేదీ అని దెబ్బలాడుకుంటున్నారు. దీపస్తంభం వంగి, కాళ్ళ మీద పడబోతే నేనే లేవదీసి నిలబెట్టాను. మా ఇల్లు ఎక్కడా కనపడదే! ఎలాగరా అనుకుంటుంటే, ఇల్లే నన్ను వెతుక్కుంటూ మలుపు దాకా ఎదురొచ్చింది. గుమ్మంలో మీ అత్తయ్య, చేతిలో చీపురు."

"అదిగో, చీపురు ఒక్కటీ నిజం" అంది అక్క.

మేనకోడలు ఇక ఉండబట్టలేక బల్ల మీదికి వంగింది. "మావయ్యా, ఒక్క మాట. తాగాక గొంతులో ఎలా ఉంది? పెదాల మీదా, నాలిక చివరా, ఎక్కడ పట్టుకుంది?"

"అడగాల్సిన ప్రశ్న అడిగింది పిల్ల!" అన్నాడు మావయ్య, ఆనందంగా. "నా పెంపకం. చెప్తా, కానీ ముందు కుక్క సంగతి అయిపోవాలి."

"కుక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మలుపులోంచి వచ్చింది. నన్ను చూసి మొరిగింది. నేనేమీ అనలేదు, దేవుడి మీద ఒట్టు, ఊరికే 'హా' అని ఊపిరి వదిలాను. అంతే. దాని కళ్ళు తేలిపోయాయి. గోడకి ఆనుకుంది. మొరగాలని నోరు తెరిచి, ఎలా మొరగాలో మరిచిపోయి, 'మ్యావ్' అంది."

టైలరు కడుపు పట్టుకున్నాడు. మావయ్యకి అది చాలు. ఆయన గొంతు ఇంకో మెట్టు ఎక్కింది.

"ఆ 'మ్యావ్' విని ఇద్దరు పోలీసులొచ్చారు. ఊపిరి కొలిచే మిషన్ నా నోటి ముందు పెట్టారు."

"బండి నడిపేవాళ్ళకి గదా అది పెట్టేది?" అన్నాడు డ్రైవరు. "నన్ను ఎన్నిసార్లు ఊదించారో. నడిచేవాడికి పెట్టడం ఎక్కడా చూళ్ళేదు."

"నా నడక వేగం చూస్తే నువ్వూ పెట్టేవాడివే. ఊదమన్నారు, ఊదాను. మిషన్లో అంకెలు పరిగెత్తాయి, పరిగెత్తాయి, అయిపోయాయి. ఇంక అంకెలు లేక అక్షరాలొచ్చాయి. అవీ అయిపోయాక మిషన్‌కి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇద్దరు పోలీసులూ టోపీలు తీసి, అయ్యా మిమ్మల్ని పట్టుకోవడానికి రాలేదు, ఆ బీరు ఎక్కడ దొరుకుతుందో చెప్పి పుణ్యం కట్టుకోండి అన్నారు. మా కోడలుపిల్ల పేరు చెప్పాను. ఒకాయన చేతి మీద రాసుకున్నాడు, ఇంకొకాయన గుండె మీద."

ఆ మాటకి మేనకోడలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ మనిషంటే ఆమెకి ప్రాణం. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెంచాతో టీ చప్పరించడం నేర్పింది ఈయనే. ఇప్పుడు ఈయన్ని నలుగురిలో పట్టుకుని, నువ్వు తాగింది బీరు కాదు మావయ్యా అంటే ఏమవుతుంది? ఒకప్పుడు టైలరు, ఆయన చెప్పిన మొసలి కథలో ఆ రోజు ఏటిలో నీళ్ళే లేవని ఎత్తి చూపించాడు. మావయ్య అలిగి, నెలరోజులు ఈ బల్ల వైపు రాలేదు, టైలరుకి పొడీ అమ్మలేదు, మాటా అమ్మలేదు. ఇవాళ అలిగాడంటే వగరు మాట ఆ నోట్లోనే ఉండిపోతుంది. అలగనివ్వకుండా ఊరుకుంటే ఈ కథ సాయంత్రం దాకా సాగుతుంది. ఎటు చూసినా క్యాను ఎదురుగా కనిపిస్తోంది ఆమెకి.

"ఇంటికి చేరానా" అంటున్నాడు మావయ్య, "చేరి చూస్తే అరుగు మీద ఏడుగురు నిలబడి ఉన్నారు. ఏడు దేశాల వాళ్ళు. ఒక్కొక్కడి మెడలో ఒక వెండి చెంచా. రుచి చూడటమే ఉద్యోగం వాళ్ళకి."

"అంతలోనే ఎలా వచ్చారు?" అంది అక్క.

"వాసన పట్టుకుని వచ్చారు. విమానాలన్నీ అప్పుడప్పుడే ముక్కు ఇటు తిప్పుకున్నాయట. వాళ్ళు నన్నేమీ అడగలేదు, ఒక్కసారి నాలిక చూపించండి చాలు అన్నారు. చూపించాను. వరసలో నిలబడి చూశారు. చివరివాడు ఏడ్చాడు. ఎందుకయ్యా ఏడుస్తావు అంటే, ఇన్నాళ్ళూ మా నోట్లో ఉన్నది నాలిక అనుకుని బతికాం అన్నాడు."

"పాపం" అన్నాడు టైలరు.

"పాపమే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాకూ ఆ బీరు కావాలన్నారు. జగ్గు ఖాళీ, ఎక్కణ్ణుంచి తేను? సరే అని ఒక్కొక్కడి ముక్కు ముందు 'హా' అన్నాను. ఏడుగురూ ఒక్కసారే నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు సామాన్యమా! పైకి పోయింది, మబ్బయింది, గాలికి తేలుకుంటూ వెళ్ళి పక్క ఊళ్ళో వానై పడింది. కావాలంటే కనుక్కోండి. పక్క ఊళ్ళో జనం గొడుగులు తిరగేసి పట్టుకుని నిలబడ్డారు."

అక్క పొయ్యి తగ్గించి మరీ నవ్వింది. టైలరు బల్ల మీద తల పెట్టేశాడు. డ్రైవరు కూడా ఓడిపోయినట్టు చెయ్యి ఊపాడు. మావయ్య నలుగురినీ కలియజూసి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, గొంతు తగ్గించాడు.

"అప్పుడడిగారు వాళ్ళు, చివరగా తమరి తీర్పేమిటి అని. నేను అన్నాను, బ్రహ్మాండం. నా జీవితంలో ఇలాంటిది తాగలేదు. ఒక్క చుక్క మార్చడానికి వీల్లేదు. ఎలా ఉన్నది అలా ట్యాంకులో పోసి, సీసాల్లో నింపి, సీసా మీద మా కోడలుపిల్ల పేరు వెయ్యాలి. ఇదీ నా మాట. విన్నావా అమ్మాయీ? వెళ్ళి పోసెయ్."

ఇదే గదా ఆమె పొద్దుటినుంచీ వినాలని కూర్చున్న మాట. బ్రహ్మాండం. లేచి వెళ్ళి క్యాను ఒంపేయొచ్చు. యజమానురాలు అడిగితే నాలిక మావయ్య చూసి చెప్పాడని చెప్పొచ్చు, బజారులో ఆ మాటకి తిరుగులేదు. లేవబోయింది కూడా. కానీ ఆ బ్రహ్మాండం ఎవరన్నారు? టీ చప్పరించే నాలికా, పక్క ఊళ్ళో వాన కురిపించిన నాలికా? మ్యావ్ అన్న కుక్క పక్కన నిలబడ్డ మాటని నమ్మి ట్యాంకు ఒంపుతుందా? రేపు అందరూ మూతి ముడిచి సీసా పక్కన పెడితే, అప్పుడు ఏ మావయ్య వస్తాడు?

అలిగితే అలగనీ అనుకుంది. నెల తర్వాతైనా కాళ్ళు పట్టుకుని బతిమాలుకోవచ్చు, ట్యాంకుని బతిమాలడం కుదరదు.

"మావయ్యా" అంది. "నువ్వు తాగింది బీరు కాదు."

"ఏంటీ?"

"బీరు మూత పెట్టిన గ్లాసులో ఉంది. నువ్వు ముట్టుకోలేదు. జగ్గులోది టీ. ప్లమ్ పళ్ళు వేసి నానబెట్టిన ఉత్త టీ. అందులో మత్తూ లేదు, నురగా లేదు. ఇంకా బీరులో కలపనే లేదు దాన్ని."

డ్రైవరు నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. అది ఎక్కువసేపు ఉండలేక ముక్కులోంచి వచ్చింది. అంతే, బెంచీ మొత్తం ఊగిపోయింది. టైలరు కళ్ళు తుడుచుకుంటూ, "టీ తాగేనా బాబాయ్, దీపస్తంభాన్ని లేవదీశావు!" అన్నాడు. "అయితే నేను రోజూ పోసే గ్లాసులకి ఎన్ని వీధులు ఊగాలి!" అంది అక్క.

మేనకోడలు నవ్వలేదు. మావయ్య ముఖమే చూస్తోంది. ఆ ముఖం ఎర్రబడుతుందని, తువ్వాలు విదిలించి లేచిపోతాడని చూస్తోంది.

మావయ్యకి వాళ్ళ నవ్వు వినపడినట్టే లేదు. కళ్ళు మూసుకున్నాడు. నోరు మూసుకుని, నాలికని లోపలే ఒకసారి అంగిట్లో, ఒకసారి బుగ్గ పక్కన తిప్పాడు, పళ్ళ సందుల్లో దాక్కున్న నిన్నటి రుచిని వెతుకుతున్నట్టు. కళ్ళు తెరిచాడు. నిజంగానే ముఖం ఎర్రబడింది.

"టీనా అది?" అన్నాడు, లేచి నిలబడి. "ఆ జగ్గులో ఉన్నదాన్ని నువ్వు టీ అంటావా? నా ఎదురుగా కూర్చుని, నా మేనకోడలివై ఉండి, దాన్ని టీ అంటావా? ఎవరు నేర్పారే నీకు టీ?"

"నువ్వే మావయ్యా."

"నేను నేర్పింది అదా! ఆకుని నీళ్ళల్లో పడేసి ఎటు పోయావు?"

"గొట్టాలు కడగడానికి వెళ్ళాను. వచ్చేసరికి…"

"వచ్చేసరికి ఆకు చచ్చిపోయింది! ఇవ్వాల్సిందంతా ఇచ్చేసి, ఇంకేమీ లేక, కాడల్లో ఉన్న చేదు కూడా పిండి ఇచ్చింది పాపం. పళ్ళ తప్పేమీ లేదు, పళ్ళు బంగారం. తొక్క వగరు పెదవి దాకా వచ్చి మర్యాదగా ఆగిపోతుంది. ఇది గొంతు పట్టుకుని కిందిదాకా గీక్కుంటూ పోయింది. అది ఆకు వగరు. రాత్రి చెంబుడు నీళ్ళు తాగినా దిగలేదు. దాన్ని ట్యాంకులో ఒంపావో, నేను వచ్చి ట్యాంకు పక్కన కూర్చుని ఏడుస్తాను. పారబొయ్యి. పళ్ళు ఉంచు, ఆకు మార్చు. కొట్లో కొత్త బస్తా విప్పాను నిన్ననే. ఇవాళ ఆకు నీళ్ళల్లో వేశాక నువ్వు గది దాటి బయటికి అడుగు పెట్టడానికి వీల్లేదు, తీసే వేళ నేను చెప్తాను. పద, లే."

ఆ మాటల్లో ఒక్కటంటే ఒక్కటి కోత లేదు. మేనకోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొద్దుటినుంచీ గుండెల మీద ఉన్న బరువు ఒక్కసారి దిగిపోయింది. ట్యాంకు బతికింది. క్యాను పోతే పోయింది, యజమానురాలు నాలుగు తిడితే తిట్టనీ, మధ్యాహ్నంలోపు ఇంకో క్యాను నానబెట్టొచ్చు. లేచి చెప్పులు వెతుక్కుంది.

అప్పుడు డ్రైవరు, ముక్కు తుడుచుకుంటూ అడిగాడు. "ఉండు బాబాయ్, ఉండు. అంత దరిద్రంగా ఉంటే నిన్ననే చెప్పొచ్చుగా. బ్రహ్మాండం అని మమ్మల్నెందుకు ఊదరగొట్టావు? అసలు జగ్గెడూ ఎలా తాగావు?"

మావయ్య అప్పటికే రోడ్డు మీదికి దిగాడు. వెనక్కి తిరిగి, మొదట డ్రైవరు వైపు, తర్వాత మేనకోడలి వైపు చూశాడు. చూసి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"నేను జన్మలో బీరు తాగి చస్తే కదా! బీరు ఇలాగే ఏడుస్తుంది కాబోలు అనుకున్నా. టీ అని తెలిస్తే మా అమ్మ పోసినా ఉమ్మేసేవాణ్ణి. పిల్ల మొదటిసారి చేసుకున్న బీరు కదా అని, కళ్ళు మూసుకుని మొత్తం మింగాను."